మరియాన్: ఒక రాజ్యమునకు పనికత్తె పేరు

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తపాలా బిళ్ళలు ప్రోగుచేయుచుండును. వాని తల్లిగారి పుట్టిల్లు యానాము. ఆ యింటివారు కొందఱు చాలకాలము క్రిందటనే ఫ్రాన్సు వెళ్ళి అచ్చటనే స్థిరపడినారు. వారి యుత్తరము మీది బిళ్ళ నొకదానిని నీళ్ళలో నానవేసి, చిరుగకుండ ఊడదీసి, ఆరబెట్టి, ఒకనాడు చరిత్ర పాఠము ముగిసిన పిమ్మట నా బల్లమీద పెట్టి, “మాస్టారూ, ఈ రాణిగారి పేరేమిటండీ?” అని యడిగెను. “అది రాణులు లేని దేశము నాయనా. ఉన్న రాణిని 1793లో చంపివేసిరి” అంటిని. “అయితే దేవతా అండీ?” దేవతయు కాదంటిని. “మరి ఎవరండీ?” “మరియాన్.” అంతలో గంట మ్రోగినది. రాణియు కాక, దేవతయు కాక, ఒక యాడుదాని మొగము దేశమంతటి యుత్తరముల మీదికి ఎట్లెక్కినదో బోధపడకయే వాడు వెళ్ళిపోయెను. వానికి చెప్పవలసిన దానినే ఇచ్చట కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను.

దేశములను మనుష్యులుగా భావించి వానికి ముద్దుపేర్లో, ఎగతాళిపేర్లో పెట్టుట పాశ్చాత్యులలో చాలకాలముగా నున్న వాడుక. ఇంగ్లండునకు జాన్ బుల్ అను బొజ్జ గల పెద్దమనిషి, అమెరికాకు అంకుల్ శామ్ అను మేకగడ్డపు ముసలివాడు. వీరిద్దఱిని చదువరులు పత్రికలలోని వ్యంగ్యచిత్రములందు చూచియే యుందురు. మరియాన్ వారికి తోబుట్టువు వంటిదే కాని, ఒక ముఖ్యమైన భేదము కలదు. ఇంగ్లండున ఏ రాజు వచ్చినను, ఏ మంత్రి పోయినను జాన్ బుల్ జాన్ బుల్లే. మరియాన్ అట్లు కాదు. ఆమె రాజులేని ఫ్రాన్సునకు, అనగా రిపబ్లిక్కునకు ప్రతిమ. రాజో చక్రవర్తియో సింహాసన మెక్కినప్పుడెల్ల ఆమె మరుగుపడినది. అతడు దిగినప్పుడెల్ల తిరిగి బయటికి వచ్చినది. కావున ఆమె పేరు కథ చెప్పుట యనగా ఆ దేశపు 150 ఏండ్ల కలహమును చెప్పుటయే.

పేరుకంటె ముందు రూపము పుట్టినది. 1792 సెప్టెంబరు 21వ తేదీన పారిస్ నగరమున కన్వెన్షను అను మహాసభ రాచరికమును రద్దుచేసెను. వెంటనే ఒక చిక్కు వచ్చినది. రాజ్యపత్రముల మీద వేయు ముద్రపై అంతవఱకు రాజు బొమ్మ యుండెడిది. రాజే లేనప్పుడు ఎవరి మొగము వేయవలెను? పదవిలోనున్న యే మనుష్యుని మొగము వేసినను వాడే రేపు రాజై కూర్చుండునేమో! నాలుగు దినములు తిరుగకముందే, సెప్టెంబరు 25వ తేదీన, సభవారు నిర్ణయము చేసిరి. ప్రాచీన వేషము ధరించి నిలిచియున్న యొక స్త్రీ. ఆమె కుడిచేత ఈటె, ఈటె కొనమీద స్వేచ్ఛకు గుర్తయిన టోపీ. ఎడమచేయి ఆయుధముల మోపుమీద. పాదములకడ ఓడ చుక్కాని. ఇదియే క్రొత్త ముద్ర. ఆ స్త్రీకి సభవారు పేరేమియు పెట్టలేదు.

స్త్రీయే ఏల యని యడుగవచ్చును. ఆ జాతికి స్త్రీలయందు గల గౌరవమే దీనికి కారణమని చెప్పువారు కలరు గాని, నాకు నమ్మకము లేదు. మొదటి కారణము వ్యాకరణము. ఫ్రెంచి భాషలో స్వేచ్ఛ, బుద్ధి, మాతృభూమి, రిపబ్లిక్కు, ఫ్రాన్సు అను మాటలన్నియు స్త్రీలింగములు. లాటినునుండి దిగివచ్చిన భావవాచకములు చాలవఱకు అట్టివే. మన సంస్కృతమునను తల్ ప్రత్యయము చేరిన మాటలు నిత్యస్త్రీలింగములు కదా! స్వతంత్రత యన్నచో స్త్రీలింగము, స్వాతంత్ర్య మన్నచో నపుంసకము, అర్థ మొక్కటే. భార్య యను అర్థముననే దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకలింగము. కాబట్టి మాట లింగమునుబట్టి మనిషికి గల గౌరవమును లెక్కింపబూనుట మొదటికే మోసము. మన తెలుగు మర్యాద ఇంకను విచిత్రమైనది. స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతో, అనగా రాళ్ళతో రప్పలతో సమానముగా నడచును. బహువచనమున మాత్రము పురుషులతో సమానమగును. ఒంటరిగా నున్నంతకాలము వస్తువు, పదిమంది కూడినప్పుడు మనిషి! వైయాకరణులు ఈ యభిప్రాయముతో సూత్రము వ్రాయలేదని యెఱుగుదును. ఐనను ముందు చెప్పబోవు ఓట్లకథ తలచుకొన్నప్పుడెల్ల నాకీ సూత్రము జ్ఞాపకము రాక మానదు.

టోపీని గుఱించి యొక మాట. ప్రాచీన రోములో బానిసను విడుదలచేయునప్పుడు వాని తలకు ఉన్ని కుళ్ళాయి పెట్టుచుండిరి. స్వేచ్ఛాదేవతయైన లిబెర్తాస్ చేతను ఆ కుళ్ళాయియే. క్రీస్తుపూర్వము 44లో సీజరును చంపిన పిమ్మట బ్రూటసు వేయించిన నాణెముమీద రెండు బాకుల నడుమ కనబడునదియు అదియే. అది గుండ్రని కుళ్ళాయి. ఫ్రెంచివారు తమ స్త్రీమూర్తికి ఇచ్చినది కొన ముందునకు వంగిన ఫ్రిజియా టోపీ. ఫ్రిజియా ఆసియామైనరులోని సీమ. ఆ సీమవారి టోపీకిని, రోమను బానిసల విముక్తికిని నిజముగా పొత్తు లేదు; రెంటిని ఎవరో కలిపివేసిరి. పొరపాటే యైనను దాని రంగు ఎఱుపు, దాని అర్థము తిరుగుబాటు అని జనుల మనస్సులలో నాటుకొన్నది. ఆ ఎఱ్ఱటోపీకి వెఱచినవారు తరువాత చాలమంది.

ఇక పేరు. పేళ్ళ పుట్టుకకు కథలు కల్పించుట పండితులకును వేడుకయే. 1797 ప్రాంతమున బరాస్ అను అధికారి తన సహచరుడైన రూబెల్ ఇంటికి విందునకు పోయి, ఇల్లాలి పేరడిగి, మరీ-ఆన్ అని విని, పొట్టిది, చక్కనిది, రిపబ్లిక్కునకు ఇదియే తగిన పేరనెనని యొక కథ. స్పెయిను దేశపు మతాచార్యుడు హువాన్ ద మారియానా, ప్రజాపీడకుడైన రాజును చంపుట ధర్మమే కావచ్చునని 1599లో ప్రకటించిన గ్రంథమున వాదించెను గనుక, ఆయన పేరే ఇట్లు మాఱినదని మఱియొక వాదము. ఈ రెండును నిలువవు. విందుకథకంటె ఐదేండ్లు ముందుగనే ఆ పేరు పాటలోని కెక్కియున్నది. ఇక ఆచార్యుని గ్రంథము లాటినులో నున్నది; పేరు పుట్టినదో, లాటినుతో పనిలేనివారి నోట.

దక్షిణ ఫ్రాన్సున తార్న్ మండలములో పుయిలోరాన్స్ అను చిన్న యూరు కలదు. అచ్చట గియోమ్ లవాబ్ర్ అను చెప్పులుకుట్టువాడు పాటలు కట్టుచుండెడివాడు. అతని భాష పారిస్ నాగరికుల ఫ్రెంచి కాదు, ఆ సీమ జనులాడు ఆక్సితాన్. పండితులు దానిని మోటుమాట యని యీసడించెడివారు. 1792 శరత్కాలమున, అనగా కన్వెన్షను పేరులేని స్త్రీమూర్తిని ముద్రకెక్కించిన కొద్దివారములకే, అతడు ‘మరియాన్ స్వస్థత’ అను అర్థము వచ్చు పేరుతో నొక పాట కట్టెను. మరియాన్ అను స్త్రీకి పెద్దజబ్బు చేసినది; వైద్యుడు నయముచేయకపోగా రేయింబవళ్ళు బాధపెట్టినాడు; క్రొత్త ప్రభుత్వము వాంతిమందిచ్చి రొమ్ము తేలికపఱచినది; ఆమెకిప్పుడు నెమ్మదిగా నున్నది. సరిహద్దులలో పోరాడుచున్న నాటి సేనానుల పేర్లును మందులవలె పాటలో వచ్చును. రోగి యెవరో, పాతవైద్యుడెవరో ఆ యూరి సంతలో విన్నవారికి ఒకరు విప్పి చెప్పవలసిన పని లేకపోయెను. పారిస్ సభవారు నాలుగుదినములు తర్కించి బొమ్మను నిర్ణయించిరి. పేరు మాత్రము చెప్పులుకుట్టువాని కొట్టునుండి వచ్చినది.

ఆ పేరునకు అర్థమేమి? మరీ యనగా క్రీస్తు తల్లియైన మరియమ్మ. ఆన్ యనగా ఆ మరియమ్మకు తల్లి. హీబ్రూ భాషలో ఆ మాటకు అనుగ్రహమని యర్థము. ఇది యోగార్థము. యోగముకంటె రూఢి బలవత్తరమని మన శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రూఢి యేమనగా, ఆ కాలమున ఫ్రాన్సు పల్లెలలో ఆడపిల్లలకు పెట్టు పేర్లలో మిక్కిలి సామాన్యమైనవానిలో నిది యొకటి. పొలములో కోతకోయు కూలిది మరియాన్. పాలమ్మునది మరియాన్. దొరలయిండ్లలో అంట్లుతోము పనికత్తె మరియాన్. మన యూళ్ళలో సుబ్బమ్మ యెట్టిదో అచ్చట మరియాన్ అట్టిది. మనము దేశమును తల్లియని, దేవతయని కొలిచితిమి. భారతమాత యన్నను, తెలుగుతల్లి యన్నను చేతులు జోడింతుము. రాజ్యమునకు సుబ్బమ్మ యని పేరుపెట్టి, కచేరీలో గోడమీద సుబ్బమ్మ బొమ్మ నుంచినచో మన పెద్దలేమందురో ఊహింపుడు! ఫ్రాన్సున పెద్దలును అదియే అనిరి. రాజపక్షమువారు ‘నేడు మనలను ఏలునది పనికత్తె’ యను వెటకారముతో ఆ పేరు పలికిరి. ప్రజాపక్షమువారు ‘ఔను, మా యింటి పిల్లయే’ యను మక్కువతో పలికిరి. ఒకే మాట రెండు నోళ్ళలో తిట్టును, ముద్దును ఐనది. ఇందులో ఇంకొక వింత కూడ కలదు. మతగురువుల పెత్తనమును కూలద్రోయ బూనిన రిపబ్లిక్కు, ఆ మతములోని యిద్దఱు పూజ్యస్త్రీల పేర్లనే తెలియక తలకెత్తుకొన్నది.

ఆ పనికత్తె పేరుగల రాజ్యము నిజముగా పనికత్తెల కేమి చేసినది? 1793 చివరిలోని పండ్రెండు దినముల దినచర్యను చూచిన చాలును. అక్టోబరు 30వ తేదీన కన్వెన్షను దేశములోని స్త్రీల సంఘములనన్నిటిని నిషేధించెను. స్త్రీలు ఇల్లు దిద్దుకొనవలెను గాని రాజ్యవ్యవహారములు వారి స్వభావమునకు తగవని సభలో వాదన. నవంబరు 3వ తేదీన ఒలాంప్ ద గూజ్ అను రచయిత్రి తల గిలొటీను క్రింద తెగినది. ఈమె 1791లో, పురుషులు వ్రాసికొన్న మానవహక్కుల ప్రకటనకు ఎదురుగా, అన్నియే అధికరణములతో, అనగా 17 అధికరణములతో, స్త్రీల హక్కుల ప్రకటన వ్రాసిన ధీరురాలు. దేశమునకు ఏ విధమైన ప్రభుత్వము కావలెనో ప్రజలే ఓటువేసి తేల్చుకొనవలెనని గోడపత్రిక అచ్చువేయించుట ఆమెపై మోపబడిన నేరము. నవంబరు 8వ తేదీన, విదుషి యని పేరొందిన రోలాఁ గారి భార్య వంతు వచ్చినది. గిలొటీను నిలిపిన ఆ మైదానములో పూర్వము 15వ లూయీ విగ్రహముండిన పీఠముమీద అప్పుడొక పెద్ద స్వేచ్ఛామూర్తి కూర్చుండియుండెను. చనిపోవుటకు ముందు ఆమె ఆ ప్రతిమకు తలవంచినదని చెప్పుదురు. ఇక నవంబరు 10వ తేదీన పారిస్‌లోని నోత్రదామ్ మహాదేవాలయములో బుద్ధిపూజ యను పెద్ద పండుగ. గుడిలో కొండవలె కట్టిన వేదికమీద నాటకశాలలో పాడునామె నొకతెను తెల్లచీరవంటి వస్త్రముతో, ఎఱ్ఱటోపీతో స్వేచ్ఛాదేవతగా కూర్చుండబెట్టి, సభ్యులందఱు నమస్కరించిరి.

నోరెత్తిన స్త్రీకి గిలొటీను, నోరెత్తని బొమ్మకు నమస్కారము. ఈ తేదీలను నేను మొదటిసారి వరుసగా కాగితముపై వ్రాసికొన్ననాడు చాలసేపు వానినే చూచుచు కూర్చుంటిని. నాకు క్రొత్తగా తోచినందుచేత కాదు. మన యిండ్లలో శ్రావణమాసపు పూజలలో కలశమునకు పట్టుచీర కట్టి, కోడలిచేత మాత్రము చిరుగుచీరతో వంటచేయించిన ఇండ్లు నేనెఱుగుదును గనుక. అదే నవంబరు నెలలో చిత్రకారుడు డావిదు సూచనమీద, ముద్రపై స్త్రీకి బదులు హెర్క్యులీసను మల్లుని వేయవలెనని కూడ సభవారు తీర్మానించిరి. ఆ మల్లుడు ఎక్కువకాలము నిలువలేదు, స్త్రీయే తిరిగివచ్చినది.

నెపోలియను 1804లో చక్రవర్తి యయ్యెను. కొన్నియేండ్లు నాణెములకు ఒకవైపున చక్రవర్తి తల, ఇంకొకవైపున రిపబ్లిక్కు పేరు నుండెను. 1808 తరువాత ఆ పేరును పోయినది. పిమ్మట పాత రాజవంశము మరలివచ్చినది. 1830 జూలైలో పారిస్ ప్రజలు మఱల వీథులకెక్కినప్పుడు దెలక్రువా అను చిత్రకారుడు ఆమె నిత్యయౌవనముతో, చెదరిన జుట్టుతో, ఎఱ్ఱటోపీతో, ఒకచేత మూడురంగుల జెండా, ఒకచేత తుపాకి పట్టుకొని శవములమీదుగా జనమును నడిపించుచున్నట్లు చిత్రించెను. ఆ తిరుగుబాటువలన గద్దెనెక్కిన రాజు ప్రభుత్వమే ఆ చిత్రమును కొని, చూపఱులకు ఉద్రేకము కలుగునని వెంటనే మూలబెట్టించెను. ఇప్పుడది లూవ్ర్ చిత్రశాలలో నున్నది.

1848లో, మన వీరేశలింగము పంతులుగారు జన్మించిన ఏటనే, రెండవ రిపబ్లిక్కు వచ్చినది. బానిసత్వము ఆ యేడు ఏప్రిలు 27వ తేదీన ఫ్రెంచి వలసరాజ్యములన్నిట రద్దయ్యెను. పురుషులందఱికి ఓటు వచ్చి, అంతకుముందు రెండున్నర లక్షలలో నున్న ఓటర్లసంఖ్య 90 లక్షలకు పెరిగినది. క్రొత్త ముద్ర కావలసివచ్చినప్పుడు బారు అను చెక్కుడుపనివాడు ఎఱ్ఱటోపీని వదలి, సూర్యకిరణముల కిరీటముతో కూర్చున్న నెమ్మదియైన స్త్రీని చెక్కెను. టోపీ కనబడినచో ఆస్తిపరులకు 1793 జ్ఞాపకము వచ్చును. నిలిచియున్న యామె కూర్చుండెను, ఈటె పోయినది. ఫ్రాన్సు రాజ్యముద్ర నేటికిని ఇదియే. ఆ యేడే రిపబ్లిక్కు చిత్రమునకు పోటీ పెట్టగా దోమియే అను చిత్రకారుడు చిత్రించిన నమూనా నాకు మిక్కిలి యిష్టము. బలిష్ఠురాలైన యొక తల్లి కూర్చుండి ఇద్దఱు పిల్లలకు పాలిచ్చుచున్నది. మూడవవాడు ఆమె పాదములకడ పుస్తకము చదువుకొనుచున్నాడు. అన్నమును చదువును ఇచ్చునదే రాజ్యమని ఇంతకంటె సులభముగా చెప్పినవారిని నేనెఱుగను. పాపము, ఆ నమూనాను ఆయన పూర్తి చిత్రముగా వ్రాయనేలేదు.

మూడేండ్లు గడచెనో లేదో, 1851 డిసెంబరు 2వ తేదీన నెపోలియను తమ్ముని కొడుకు, రాజ్యాధ్యక్షుడుగా ప్రమాణము చేసిన లూయీ నెపోలియనే, సైన్యముతో సభను మూయించి మఱునాటి యేడు చక్రవర్తి యయ్యెను. పెదతండ్రి చూపిన దారి తప్పక నడచినాడు! రిపబ్లిక్కను మాట పైకి అనుటయే ప్రమాదమైన ఆ కాలముననే మరియాన్ పేరు వేరులు దన్నినది. ఆమెను గుఱించి మాటలాడుట యనగా పొరుగింటి పడుచును గుఱించి మాటలాడుటయే కదా! పోలీసువాడు విన్నను పట్టుకొన వీలులేదు. రహస్యసంఘములవారు ఆ పేరునే గుర్తుమాటగా పెట్టుకొనిరి. పశ్చిమమున ఒక సంఘము పేరే మరియాన్. 1855 ఆగష్టులో ఆంజే పట్టణము దాపున త్రెలాజే పలకరాతి గనులలో పనిచేయు కూలీలు, ఆ సంఘమువారు, పట్టణముమీదికి నడచి ఓడిపోయి కఠినశిక్షల పాలైరి. ముద్దుపేరు మొదట పాటలో పుట్టినది. ఈ గనికూలీల వలన దానికి గౌరవము వచ్చినది. మరియాన్ చరిత్రమును గుఱించి 1979లో పెద్ద గ్రంథము ప్రకటించిన మోరిస్ అగులోన్ అను చరిత్రకారుడు ఈ చీకటికాలమునకు చాల స్థానమిచ్చినాడు, అది న్యాయమే.

మూడవ రిపబ్లిక్కు 1870లో యుద్ధములోని ఓటమినుండి పుట్టినది. దానిని రాజ్యాంగమున నిలిపిన సవరణ 1875 జనవరి 30వ తేదీన 353 ఓట్లకు 352 ఓట్లు వ్యతిరేకముగా నెగ్గినది. ఒక్క ఓటు! ఆ పిమ్మట ఊరూర మునిసిపలు భవనములలో పాత చక్రవర్తి ప్రతిమలు దిగిపోయి, మరియాన్ ప్రతిమలు ఎక్కినవి. ఇవి ఉంచి తీరవలెనని శాసనమేదియు లేదు. ఊరివారే కోరి పెట్టుకొనిరి. రాజభక్తులు ఊరకుండలేదు. వారు ఆమెకు ‘గ్యోజ్’ అని మఱియొక పేరు పెట్టిరి. బిచ్చగత్తె యని దాని యర్థము. పలుకు తీరునుబట్టి అంతకంటె నీచమైన అర్థమును వచ్చును. పనికత్తె పేరు ఆదరమునకు మాఱిపోయినందున తిట్టుటకు క్రొత్తమాట కావలసివచ్చినదన్నమాట. ఆ మాటకు పుంలింగమైన ‘గ్యో’ యనునదియు ఒకప్పుడిట్లే తిరిగినది: 1566లో నెదర్లండ్సు ప్రభువులు మనవి చేసికొనవచ్చినప్పుడు వారిని బిచ్చగాండ్రని యొకడు హేళన చేయగా, వారు ఆ మాటనే బిరుదుగా ధరించి స్పెయినురాజుతో పోరాడిరి.

ఊరూర స్త్రీ ప్రతిమ ఉన్నది, ప్రతిమ క్రింద ఓటుపెట్టె ఉన్నది, ఆ పెట్టెలో ఓటువేయుటకు స్త్రీకి మాత్రము హక్కులేదు. ఉబెర్తీన్ ఒక్లేర్ అను నామె 1880లో, ఓటులేని నేను పన్నేల కట్టవలెనని ఎదురుతిరిగెను; 1908లో పారిస్ మునిసిపలు ఎన్నికలలో ఓటుపెట్టెనే క్రింద పడవేసెను. 1919లో ప్రతినిధులసభ స్త్రీల ఓటునకు అంగీకరించినను, 1922 నవంబరు 21వ తేదీన సెనేటు 156 ఓట్లకు 134 ఓట్లతో త్రోసివేసెను. అడ్డుపడినవారు రాజభక్తులని చదువరులు తలపవచ్చును. కాదు, వారిలో ముఖ్యులు మరియాన్‌ను నెత్తినబెట్టుకొన్న రిపబ్లికను పెద్దలే. స్త్రీలు గురువులు చెప్పినట్లు ఓటువేసి రాజ్యమును మతమునకు అప్పగింతురని వారి భయము. మఱి ఆ స్త్రీలను చదువులేక గురువులచేతిలో నుంచినదెవరు? 1936లో బ్లూమ్ మంత్రివర్గమున ముగ్గురు స్త్రీలు ఉపమంత్రులైరి. వారు శాఖలను నడుపవచ్చును. ఓటు మాత్రము వేయరాదు. ఇచ్చట చెన్నపట్టణపు శాసనసభ 1921లోనే, పురుషులకు గల ఆస్తినియమములతోనే, స్త్రీలకు ఓటుహక్కు నిచ్చెను. అనగా కాకినాడలో పన్నుగట్టు నొక గృహిణికి గల హక్కు పారిస్‌లోని విదుషీమణికి లేకపోయెను.

కాకినాడ పేరెత్తినందున దానికి దక్షిణమున గోదావరి గట్టునగల యానామును తలపక తప్పదు. 1954 వఱకు అది ఫ్రెంచివారి యేలుబడిలోనిది. అచ్చటి కచేరీ కాగితములమీదను ఈ రిపబ్లిక్కు పేరే. 1929నాటి శారదా శాసనము 1930 ఏప్రిలు 1వ తేదీనుండి ఇంగ్లీషు సీమలో అమలులోనికి వచ్చి, 14 ఏండ్లు నిండని బాలికకు పెండ్లిచేయుట నేరమైనది. యానాములో ఆ శాసనము లేదు. ఫ్రెంచివారు హిందువుల ఆచారముల జోలికి పోము అనిరి. ఇంకేమి! మన జిల్లాలవారు పిల్లలను, పురోహితులను, బాజాలను వెంటబెట్టుకొని సరిహద్దు దాటి, ముడివేయించి మరలివచ్చుచుండిరి. ఆ యూరికి కల్యాణపురమని పేరే వచ్చినది. ఫ్రాన్సులో 1804నాటి శాసనమే 15 ఏండ్లు నిండని ఆడపిల్లకు పెండ్లి కూడదన్నది. యానాము గట్టున ఏడేండ్ల పిల్లకు కూడ ముహూర్తమునకు అడ్డు లేదు. స్వేచ్ఛామూర్తి నీడ నది దాటునప్పటికి అంత పలుచనైనది. ఇందులో ఆ దేశమువారి తప్పెంతో, పడవలు కట్టించుకొని పోయిన మనవారి తప్పెంతో నేను విభజింపలేను.

1940లో జర్మనీచేతిలో ఓడినపిమ్మట విషీ పట్టణమున ఏర్పడిన పేతేన్ ప్రభుత్వము రిపబ్లిక్కను పేరునే తీసివేసెను. మరియాన్ ప్రతిమలను అనేకచోట్ల దింపించి, మునిసిపలు భవనములలో పేతేన్ బొమ్మలు పెట్టించిరి. కంచు విగ్రహములు కరగిపోయినవి. కొన్ని యూళ్ళలో జనులు ప్రతిమను దాచి కాపాడుకొనిరి. విమోచనపోరాటమునకు నాయకత్వము వహించినవారు 1944 ఏప్రిలు 21వ తేదీన అల్జీర్సు నగరమునుండి ప్రకటించిన శాసనముతో ఫ్రెంచి స్త్రీకి ఓటు వచ్చినది. 1945 ఏప్రిలు 29వ తేదీన మునిసిపలు ఎన్నికలలో ఆమె మొదటిసారి దానిని వేసినది. ముద్రపైకి స్త్రీ యెక్కిన 152 ఏండ్లకు ఓటు. పెండ్లియైన స్త్రీ భర్త సెలవులేకుండ ఉద్యోగము చేయుటకును, బ్యాంకిలో తన పేర ఖాతా తెఱచుటకును హక్కు నిచ్చిన శాసనము ఇంకను ఆలస్యముగా 1965లో వచ్చినది.

ఇటీవలి కాలమున మరియాన్ ప్రతిమను ప్రసిద్ధనటీమణుల పోలికతో చెక్కుట వాడుకయైనది. 1969లో బ్రిజిత్ బర్దో, 1985లో కాథరీన్ దెనవ్. ఇది నాకంత రుచింపలేదు. పనికత్తె పేరుపెట్టుకొని అందగత్తె మొగము వెదకనేల? 1999నుండి ప్రభుత్వపు కాగితములన్నిటి తలకట్టునందు ఆమె ముఖచిహ్నము అచ్చగుచున్నది.

2016లో పారిస్ ప్రతినిధులసభా భవనమున నొక క్రొత్త ప్రతిమ చేరినది. అది ఒలాంప్ ద గూజ్‌ది. ఈ పేరు ఆమె పెద్దదైన పిమ్మట పెట్టుకొన్నది. ఆమె 1748లో దక్షిణమున మొంతొబాన్ పట్టణమున, చెప్పులుకుట్టు పాటకాని యూరికి కొద్దిదూరములోనే, మాంసము కొట్టువాని యింట పుట్టినది. ఆమె తల్లిభాషయు ఆ పాట భాషయైన ఆక్సితానే. జ్ఞానస్నానమునాడు ఆమెకు పెట్టిన పేరు మరీ. తల్లి పేరు ఆన్.